ఆరో మూల



ఈ మాటలు వింటున్నవాళ్ళలో కొందరి చేతుల్లో ఈ క్షణాన కూడా సూదీ దారమూ ఉండి ఉంటాయి. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఇళ్ళలో రేడియో వింటూ లేసు అల్లుకోవడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నదే. మధ్యాహ్నం అంట్లు తోముకుని, వంటిల్లు సర్దుకుని ఆడవాళ్ళంతా అరుగు మీదికి చేరేవారు. చూపు సూది మీద, చెవి రేడియో మీద. పెదవులు మాత్రం ఆగకుండా కదులుతుండేవి. పాటతో గొంతు కలుపుతున్నారని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఒకరోజు మా అమ్మ పక్కన చేరి, ఆవిడ మూతి దగ్గర చెవి పెట్టి విన్నాను. పాట కాదు, లెక్క. "నాలుగు, అయిదు, ఆరు, గొలుసు. ఒకటి, రెండు, మూడు..."

ఈ రోజు నేను చెప్పబోయేది ఆ లెక్క గురించే. దుప్పటి కోసం ఊలుతో అల్లే ఆరుపలకల బిళ్ళ, అందులోనూ కన్నాలు లేని నిండు బిళ్ళ ఎలా అల్లాలో చెబుతాను. బొమ్మ గీసి చూపించే వీలు రేడియోలో లేదు. కాబట్టి మీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వినండి. సూది చేతిలో లేకపోయినా పర్వాలేదు.

ఈ పని నా చేతికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మా చెల్లెలి కూతురు పాడేరులో పంతులమ్మ. మన్యం చలి మన డెల్టా వాళ్ళకి తెలియదు. అటువైపే ఉన్న లంబసింగిలో డిసెంబరు, జనవరి రాత్రులు వేడి సున్నా డిగ్రీల దరిదాపుల్లోకి దిగిపోతుంది. పిల్లకి ఆశ్వయుజంలో కాన్పు. మూడో నెల దాటగానే బిడ్డని ఎత్తుకుని కొండ ఎక్కాలి. అంటే సరిగ్గా పుష్యమాసపు చలిలోకి. అమ్మమ్మ వరసదాన్ని నేను, నా చేత్తో ఓ దుప్పటి అల్లి ఇద్దామనుకున్నాను. మా వైపు అల్లికంటే లేసే కదా. లేసు నమూనానే లావు ఊలుతో అల్లడం మొదలుపెట్టాను.

మా అమ్మ ఓ జానెడు ముక్కని చేతిలోకి తీసుకుని కన్నాల్లోంచి వేళ్ళు దూర్చింది. "చలి ఇందులోంచి రాదంటే? పసిగుడ్డు వేలు ఇరుక్కుంటే ఏం చేస్తావే?" అంది.

ఆవిడ అన్నది నిజం. లేసులో దారం ఎంత ముఖ్యమో, దారం లేని చోటూ అంతే ముఖ్యం. ఆ ఖాళీలోనే దాని అందమంతా ఉంది. బల్ల మీద పరిచే గుడ్డకి, కిటికీ తెరకి ఆ ఖాళీ కావాలి. ఒంటికి కప్పుకునేదానికి అదే లోటు. మన పెద్దవాళ్ళు పసివాళ్ళకి వేసిన బొంతనే చూడండి. పాత నూలుచీరలు పొరలు పొరలుగా పరిచి, వరసలు వరసలుగా కుట్టు వేస్తారు. ఎక్కడా వేలు దూరే సందు ఉండదు. ఆ నిండుతనం ఊలు అల్లికలోకి ఎలా తేవాలా అని వెతుక్కుంటూ ఆరుపలకల బిళ్ళ దగ్గర ఆగాను.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పేస్తాను. ఏడాది నిండని బిడ్డని పడుకోబెట్టి వదిలేసేటప్పుడు మీద వదులుగా దుప్పటి కప్పకూడదని, అది మొహం మీదికి జారితే ఊపిరాడదని పిల్లల వైద్యులు చెబుతారు. ఎంత ప్రేమగా అల్లిందైనా అంతే. ఒళ్ళో పెట్టుకున్నప్పుడు చుట్టడానికి, మెలకువగా ఉన్నప్పుడు కింద పరిచి బోర్లా పడుకోబెట్టడానికి వాడుకోవచ్చు. పక్కన మనిషి ఉండాలి.

సరే, సూది పట్టుకుందాం.

లేసు సూది సన్నం. ఊలు దుప్పటికి అది పనికిరాదు. అయిదు మిల్లీమీటర్ల సూది, మధ్యరకం లావు ఊలు తీసుకోండి. నేను మెత్తటి అక్రిలిక్ ఊలు వాడాను. పసిబిడ్డల బట్ట రోజూ ఉతకాల్సిందే కదా. అసలు గొర్రె ఊలు వెచ్చదనం వేరేగానీ, వేడినీళ్ళలో వేసి నలిపితే ముడుచుకుని అట్టలా అయిపోతుంది.

దీనికి కావలసిన కుట్లు మూడే. ఒకటి గొలుసు, అది అందరికీ తెలుసు. రెండోది జారుకుట్టు. సూది గుచ్చి, దారం అందుకుని, ఒక్క లాగుతో అన్నింటిలోంచీ బయటికి తీసెయ్యడం. మూడోది పొడుగు కుట్టు. సూది మీద దారం ఒకసారి చుట్టి, గుచ్చి, దారం పైకి లాగితే సూది మీద మూడు ఉచ్చులుంటాయి. మళ్ళీ దారం అందుకుని రెండింట్లోంచి తియ్యాలి, ఇంకోసారి అందుకుని మిగతా రెండింట్లోంచి తియ్యాలి. నిలువుగా చిన్న స్తంభంలా నిలబడుతుంది. పుస్తకం చూసి అల్లేవాళ్ళకి ఒక మాట. అమెరికా పుస్తకాల్లో దీన్ని డబుల్ క్రోషే అంటారు, ఇంగ్లండు పుస్తకాల్లో ట్రెబుల్ అంటారు. కుట్టు ఒక్కటే. ఏ దేశపు పుస్తకమో చూసుకోకుండా మొదలుపెట్టి, సగం దూరం పోయాక విప్పుకున్నవాళ్ళని నేనెరుగుదును.

బిళ్ళకి నడిబొడ్డు ముఖ్యం. నాలుగు గొలుసులు వేసి గుండ్రంగా కలిపితే మధ్యలో కన్నం మిగిలిపోతుంది. నిండు బిళ్ళకి అది కుదరదు. దారాన్ని రెండు వేళ్ళకి ఉంగరంలా చుట్టండి. మొదటి వరస కుట్లన్నీ ఆ ఉంగరంలోకే వెయ్యండి. వరస అయ్యాక తోక పట్టుకుని లాగితే ఉంగరం బిగుసుకుని కన్నం మూసుకుపోతుంది. ఆ తోకని చివర్లో సూదికి ఎక్కించి, ఒక వైపు తిప్పి, మళ్ళీ ఎదురు తిప్పి దాచాలి. ఇక్కడ బద్ధకిస్తే నాలుగు ఉతుకులకి నడుమ విడిపోతుంది, బిళ్ళంతా పోతుంది.

మొదటి వరస. మూడు గొలుసులు వేస్తే అది ఒక పొడుగు కుట్టు కింద లెక్క. పక్కన ఇంకో పొడుగు కుట్టు, తర్వాత ఒక గొలుసు. రెండు కుట్లు, ఒక గొలుసు. రెండు కుట్లు, ఒక గొలుసు. ఇలా ఆరుసార్లు. జారుకుట్టుతో కలపండి. పన్నెండు కుట్లు, ఆరు గొలుసులు వచ్చాయి. ఆ ఆరు గొలుసులే ఆరు మూలలు. ఇక ఎన్ని వరసలు వేసినా మూలలు అవే.

రెండో వరస. కింద కుట్టు ఉన్నచోట దాని నెత్తిన ఒక కుట్టు. మూల గొలుసు వచ్చినచోట దాని కింది సందులోకి ఒక కుట్టు, ఒక గొలుసు, మళ్ళీ ఒక కుట్టు. అంతే. పలకకి రెండు కుట్లున్నవి నాలుగవుతాయి. వరసలో మొత్తం ఇరవైనాలుగు. మూడో వరసకి పలకకి ఆరు, మొత్తం ముప్పైఆరు. నాలుగో వరసకి నలభైఎనిమిది, అయిదో వరసకి అరవై. అయిదు వరసలకి ఆపితే బిళ్ళ పూర్తి. అన్నీ కూడితే నూటఎనభై కుట్లు. నా చేతి బిగువుకి ఒక్కో పలక మూడంగుళాలు వచ్చింది, ఎదురెదురు పలకల మధ్య అయిదంగుళాల పైచిలుకు. మీ చెయ్యి వదులైతే కాస్త పెద్దదవుతుంది, ఫర్వాలేదు. అన్ని బిళ్ళలూ ఒక్క చేతివే అయితే చాలు.

వరస మొదట్లో వేసే మూడు గొలుసులు తక్కిన కుట్లకంటే సన్నంగా ఉంటాయి. అన్ని వరసలూ ఒకేచోట మొదలుపెడితే అక్కడ నిలువుగా ఒక గీత, గీత పక్కన సందు కనిపిస్తాయి. దానికి నేను చేసేది రెండే గొలుసులు, కాస్త వదులుగా. చూపుకి కుట్టులో కలిసిపోతుంది. రంగు మార్చినప్పుడల్లా వేరే పలక దగ్గర మొదలుపెట్టడం ఇంకా మంచిది.

ఇప్పుడు నాకు ఎక్కువ ఇష్టమైన చోటికి వచ్చాం. వరసకి పన్నెండే ఎందుకు పెరగాలి? పదో పదిహేనో ఎందుకు కాకూడదు?

ఒక చెంబు చుట్టూ తాడు కట్టారనుకోండి. ఆ తాడు చెంబుకి అన్ని వైపులా జానెడు ఎడంగా ఉండాలంటే ఇంకెంత తాడు కావాలి? ఆరు జానల పైన కొంచెం. చెంబు బదులు గంగాళమైతే? అప్పుడూ అంతే, ఆరు జానల పైన కొంచెం. లోపలున్నది చిన్నదైనా పెద్దదైనా, ఒక అడుగు ఎడం జరిగితే చుట్టుకొలత పెరిగేది ఒక్కటే లెక్క. గుండ్రానికి బదులు ఆరుపలకలైతే అది దాదాపు ఏడు. ఇప్పుడు మన పొడుగు కుట్టుని చూడండి. దాని ఎత్తు వెడల్పుకి ఇంచుమించు ఒకటిముప్పావు వంతు ఉంటుంది. ఒక వరస వేశామంటే ఒక కుట్టు ఎత్తు ఎడం జరిగాం. చుట్టుకొలత ఏడు ఎత్తులు పెరగాలి. ఏడు ఎత్తులంటే పన్నెండు వెడల్పులు. అందుకని ప్రతి వరసకీ పన్నెండు. అదే ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానంగా ఉండే పొట్టి కుట్టుతో అల్లితే వరసకి ఆరు చాలు.

పన్నెండుకి తగ్గిస్తే అంచుకి చాలినంత కుట్టు ఉండదు, బిళ్ళ దొప్పలా పైకి లేస్తుంది. పెంచితే అంచు ఎక్కువై కుచ్చులు కుచ్చులుగా ముడతపడుతుంది. చదునుగా పడుకున్నదంటే లెక్క సరిపోయినట్టు. లేసు చేతులకి ఇది ఎవరూ చెప్పకుండానే తెలుసు. అరచేతిలో పరిచి చూడగానే "ఒక కుట్టు తక్కువేశావు" అనేస్తారు.

ఆ కుచ్చులు పడటం మీద పెద్ద గణితమే ఉంది. రెండు గీతలు సమాంతరంగా బయల్దేరి దూరమైపోయే వంపు తలాల గురించి గణిత పండితులు చాలాకాలం కాగితాల మీదే చెప్పుకున్నారు. చేత్తో పట్టుకుని చూడటానికి గట్టి నమూనా ఉండేది కాదు. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమిన్యా అనే లాట్వియా దేశపు గణితజ్ఞురాలు క్రోషే సూది పట్టుకుంది. ప్రతి కొన్ని కుట్లకీ ఒకటి చొప్పున తప్పకుండా పెంచుకుంటూ పోయింది. కుచ్చులు కుచ్చులుగా తయారైన ఆ ఊలు ముక్క మీద విద్యార్థులు గీతలు మడిచి చూసుకోగలిగారు. అరుగుల మీద మన ఆడవాళ్ళు "పాడైపోయింది, విప్పెయ్" అన్న ముక్కలోనే ఒక లోకపు లెక్క దాగి ఉందని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఆ మాట మా అమ్మకి చెబితే, "కుచ్చు ఎందుకు పడుతుందో చెప్పడానికి అంత చదువు కావాలా?" అంది. మరుక్షణం, "ఆవిడ వేసిన ముక్క ఒకసారి చూపించవే" అని అడిగింది.

నాలుగుపలకల బిళ్ళలు ఉండగా ఆరుపలకలే ఎందుకన్నది ఇంకో ప్రశ్న. తేనెపట్టు చూడండి. సమానమైన గదులుగా ఒక తలాన్ని విడదీయాలంటే అతి తక్కువ గోడ పట్టేది ఆరుపలకల గదికేనని రెండువేల ఏళ్ళ కిందటే రోమన్ పండితుడు వర్రో రాశాడు. దానికి పూర్తి రుజువు దొరికింది మాత్రం 1999లో, థామస్ హేల్స్ చేతిలో. అల్లేవాళ్ళ భాషలో దీని అర్థం ఒకటే. గోడ అంటే మనకి అతుకు. అంతే వైశాల్యం ఉన్న నాలుగుపలకల బిళ్ళలకి వంద మూరల అతుకు పడితే, ఆరుపలకల వాటికి తొంభైమూడు మూరలు చాలు. అదీగాక నాలుగుపలకల వాటిలో నాలుగు మూలలు ఒకచోట కలుస్తాయి, అక్కడ ముడి లావవుతుంది, లేదా కన్నం పడుతుంది. ఇక్కడ కలిసేవి మూడే. చేత్తో తడిమితే తేడా తెలుస్తుంది.

బిళ్ళల్ని ఎలా పేర్చాలన్నదానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు. మన వాకిట్లోనే ఉంది. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా, సందు చుక్క. సంక్రాంతి నెలలో ఈ ముగ్గు వెయ్యని వాకిలి ఉందా? నడుమ ఏడు చుక్కలు, వాటి సందుల్లో పైనా కిందా ఆరు, ఆ పైన అయిదు, ఆ పైన నాలుగు. చుట్టూ గీత గీస్తే ఆరుపలకలే. ఒక్కో చుక్క స్థానంలో ఒక బిళ్ళ పెట్టండి, ముప్పైఏడు బిళ్ళల ఆరుపలకల దుప్పటి వస్తుంది. నాకు నిలువు దుప్పటి కావాలి కాబట్టి ఒక వరసకి ఆరు, తర్వాతి వరస సందుల్లో అయిదు, మళ్ళీ ఆరు, మళ్ళీ అయిదు. ఇలా ఎనిమిది వరసలు. నలభైనాలుగు నిండు బిళ్ళలు. అయిదు బిళ్ళల వరసకి రెండు కొసల్లోనూ సగం సగం ఖాళీ మిగులుతుంది. వాటికి ఎనిమిది అరబిళ్ళలు. అరబిళ్ళని గుండ్రంగా తిప్పరు, మూడు పలకలు అల్లి వెనక్కి తిప్పుకుని మళ్ళీ అల్లుతారు. పైనా కిందా మూలలు మొనలు మొనలుగా మిగులుతాయి. వాటిని సరిచెయ్యొద్దు. తోరణంలా ఉంటాయి. మొత్తం ముప్పైఒక్క అంగుళాల వెడల్పు, మొనలతో కలిపి ముప్పైఏడున్నర అంగుళాల పొడవు వచ్చింది.

ఊలు మాత్రం ఒకేసారి కొనండి. ఉండ చుట్టిన కాగితం మీద రంగు పేరుతో పాటు లాటు నంబరు ఉంటుంది. ఒకే రంగైనా వేర్వేరు తొట్లలో అద్దితే ఛాయ మారుతుంది. నాకు చిలకాకుపచ్చ చాలక రెండోసారి వెళ్ళి తెచ్చాను. దుకాణం దీపాల కింద రెండూ ఒకటే. ఇంటికొచ్చి పెరట్లో ఎండలో పెడితే ఒకటి చిలక, ఒకటి వేపాకు. ఆ రెండోదాన్ని చెదురుమదురుగా నాలుగు వైపులా వేసుకున్నాను.

ఇక నా తప్పు చెబుతాను. నలభైనాలుగు బిళ్ళలు పూర్తయ్యాయని దొంతర పేర్చి అమ్మ ముందు పెట్టాను. ఆవిడకి ఎనభై దాటాయి. శుక్లాలు తీయించినా సన్నటి పని ఆనదు. ఒక్కొక్క బిళ్ళనీ ఎడమచేత్తో పట్టుకుని, కుడి బొటనవేలితో అంచు వెంట తిప్పుతోంది. ప్రతి మూల దగ్గరా వేలు ఒక్క క్షణం ఆగుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఇరవయ్యో బిళ్ళో, ఇరవైఒకటో, వేలు చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. మూడోసారి కూడా తిప్పింది.

"దీనికి అయిదే మూలలమ్మాయ్."

తీసుకుని చూశాను. నిజమే. రాత్రిపూట బస్సులో అల్లిన బిళ్ళ అది. మొదటి వరసలో ఆరుసార్లు వెయ్యాల్సింది అయిదుసార్లే వేశాను. ఆ పైన ప్రతి వరసా బుద్ధిగా సరిగ్గానే అల్లాను. పలకకి పది కుట్లు, లెక్క ఎక్కడా తప్పలేదు. అందుకే నా కంటికి దొరకలేదు. పక్క బిళ్ళతో కుట్టుకి కుట్టు సరిపోతుంది కూడా. అయిదుపలకలది ఒక్కటి మధ్యలో దూరితే చుట్టూ ఉన్నవి దాని మీదికి వంగి, దుప్పటి అక్కడ గోపురంలా లేస్తుంది. పిల్లలు ఆడే కాలిబంతిలో నల్లవి అయిదుపలకలు, తెల్లవి ఆరుపలకలు ఉంటాయి కదా. ఇరవై ఆరుపలకల మధ్య పన్నెండు అయిదుపలకలు చేరబట్టే ఆ తోలు బంతిగా మూసుకుంది. బంతికి అది కావాలి, దుప్పటికి వద్దు.

విప్పేద్దామని కొస వెతుకుతుంటే అమ్మ నా చేతిలోంచి లాక్కుంది. "యాభై కుట్లే కదా చుట్టూ? ఇక పెంచకుండా అలాగే అల్లుకుంటూ పో. తలకి సరిపోతుంది" అంది. కొలిచాను. యాభై కుట్ల చుట్టు, దాదాపు పదిహేను అంగుళాలు. సాగదీస్తే మూణ్ణెల్ల బిడ్డ తలకి సరిగ్గా అంతే కావాలి. అయిదు మూలల ఆ బిళ్ళే టోపీకి నడినెత్తి అయింది.

మూలలు తడిమిన అమ్మ వేలి వెనక ఎంత పని ఉందో చెప్పకుండా ఉండలేను. పందొమ్మిదో శతాబ్దంలో ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్ళి కరువొచ్చినప్పుడు, ఇళ్ళలోనే కూర్చుని నాలుగు డబ్బులు సంపాదించే దారిగా అక్కడి ఆడవాళ్ళు క్రోషే లేసు అల్లారు. అదే శతాబ్దంలో గోదావరి ఒడ్డుకి వచ్చిన మిషనరీ కుటుంబాల స్త్రీలు మన నరసాపురం ప్రాంతంలో ఈ సూదిపని నేర్పారు. గడప దాటనివ్వని ఇళ్ళలో కూడా ఈ పనికి అడ్డు చెప్పలేదు. ఏజెంటు దారం ఇచ్చిపోయేవాడు, అల్లిన ముక్కలు పట్టుకుపోయేవాడు. కూలి గంటలకి కాదు, పనికి. జర్మన్ పరిశోధకురాలు మారియా మీస్ ఇక్కడికొచ్చి, ఈ ఇళ్ళలో తిరిగి, 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం అచ్చువేసింది. లోకం మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్న వీళ్ళని కార్మికులుగా ఎవరూ లెక్కించడం లేదని, తీరికవేళ కాలక్షేపం చేసే ఇల్లాళ్ళుగా చూస్తూ కూలి తక్కువ చేస్తున్నారని అందులో రాసింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాకు చాలా సంతోషమైంది. ఊరి పేరుకి గుర్తింపు వచ్చినట్టే, అరుగుల మీది ఆ లెక్కకి తగిన కూలీ రావాలని నా కోరిక.

ఈ పనిలో ఒక విభజన ఉంది. చేతి పని వేరు, అతుకు పని వేరు. పువ్వులు, బిళ్ళలు అల్లేది ఒకరు. వాటిని కలిపి గుడ్డగా చేసేది ఇంకొకరు, చాలాసార్లు ఇంకో ఊళ్ళో. మా అమ్మది చేతి పని. ఎనిమిదో ఏట సూది పట్టింది. నలభై ఏళ్ళకి పైగా అల్లింది. అందులో ఎక్కువకాలం ఒకే పువ్వు. దొంతరలు కట్టి ఇచ్చేసేది. అవి ఎక్కడ అతుకుతారో, ఏ దేశం వెళతాయో, ఎవరి బల్ల మీద పరుస్తారో ఆవిడకి తెలిసేది కాదు.

అతుకు గురించి చెప్పి ముగిస్తాను. ముందు బిళ్ళలన్నిటినీ ఒక కొలతకి తేవాలి. థర్మోకోల్ అట్ట మీద ఆరుపలకలు గీసి, తడిపి పిండిన బిళ్ళని మూలమూలకీ గుండుసూది గుచ్చి ఆరనివ్వాలి. అక్రిలిక్ మీద ఇస్త్రీపెట్టె పెట్టొద్దు, కుట్టు ప్రాణం పోయి వేలాడిపోతుంది. తర్వాత రెండు బిళ్ళల మొహాలు పైకి ఉంచి పక్కపక్కన పెట్టి, ఎదురెదురు కుట్ల వెనక పోగుల్ని మాత్రమే పట్టుకుని కుట్టుకుంటూ పోవాలి. మూల గొలుసుకి మూల గొలుసు, పది కుట్లకి పది కుట్లు. రెండు పోగులూ పడితే అతుకు గట్టులా లేస్తుంది, వెనక పోగు ఒక్కటే పడితే పడుకుంటుంది. బిగించి లాగొద్దు. దారం ఒక బిళ్ళలోంచి ఇంకో బిళ్ళలోకి వెళ్ళాక, రెండూ వేలి కింద ఒకటిగా సాగాలి. అంత వదులు చాలు. 2016 జనవరి 31న చెన్నైలో ఎన్నెన్నో ఊళ్ళ ఆడవాళ్ళు అల్లిన ముక్కల్ని ఒకచోట చేర్చి పదకొండు వేల చదరపు మీటర్లకు పైగా దుప్పటి పరిచారు, గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఆ వార్త చదివినప్పుడు ముక్కలు అల్లినవాళ్ళకంటే, నేల మీద వంగి అతుకు వేసిన నడుముల గురించే నాకు ఎక్కువ ఆలోచన వచ్చింది.

మా దుప్పటికి అతుకు నేనే వేద్దామనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "ఇది నేను వేస్తాను. ఇన్నాళ్ళూ ఇంకొకళ్ళు అతుకు వేస్తే పోయినవేగా" అంది. సూదిలోకి దారం నేను ఎక్కించి ఇచ్చేదాన్ని. తక్కిందంతా ఆవిడ వేళ్ళే చూసుకున్నాయి. ఒక్కోసారి కళ్ళు మూసుకునే కుట్టేది. మొదట ఒక వరస, దాని సందుల్లో రెండో వరస. రోజుకి మూడు నాలుగు బిళ్ళల చొప్పున పద్నాలుగు రోజులు పట్టింది. చివరి బిళ్ళ కలిపిన రోజు, కొస దాచి దారం పళ్ళతో కొరికేసి, "పరుచు" అంది.

పట్టెమంచం మీద పరిచాను. ఆకుపచ్చ, పసుపు, మధ్యమధ్య తెలుపు. ఎక్కడా లేవలేదు, ఎక్కడా ముడతపడలేదు. అమ్మ మంచం చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరిగింది. అంచు మీద కూర్చుని, ఒక బిళ్ళ మీద అరచెయ్యి ఆనించి, అక్కణ్ణుంచి అతుకుల మీదుగా అవతలి కొస దాకా జరిపింది. చాలాసేపు అలా చూసింది.

"ఇంత అవుతుందన్నమాట" అంది.